మైకులో పెట్టిన పేరు

నాచారం చౌరస్తాలో ఎర్ర లైటు పడితే బండి ఆపాను. వీపున గిటారు సంచి, నెత్తిన ఎండ. ఎప్పుడు పచ్చ పడుతుందా అని తలెత్తితే కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో ఆమె కనిపించింది. ఏదో పెళ్లిలో దిగిన ఫొటోను కత్తిరించి పెట్టినట్టున్నారు, భుజం మీద ఎవరిదో చెయ్యి మిగిలిపోయింది. పైన అశ్రునివాళి. కింద ఇంటిపేరుతో సహా ఆమె పూర్తి పేరు. ఎనిమిదేళ్ల పరిచయంలో ఆ పేరు నేను చూడటం అదే మొదటిసారి. ఆ పేరు చదివితే ఎవరూ గుర్తుపట్టరని కాబోలు, దాని కింద బ్రాకెట్లో ఇంకో పేరు కూడా వేశారు. చింతగింజలక్క.

ఆ రెండో పేరు పెట్టింది నేను. ముద్దుగా పెట్టింది కాదు. నా తప్పు కప్పిపుచ్చుకోవడానికి, గల్లీ నిండా జనం ఉండగా, మైకులో పెట్టాను. పచ్చ లైటు పడి వెనక హారన్లు మోగుతున్నా నాకు వినపడలేదు. ఒక ఆటో అతను పక్కకొచ్చి "ఏందన్నా, నిద్రవొయినవా?" అన్నాక బండి కదిలించాను.

ఆమె అసలు పేరు ఇక్కడ రాయను. బతికున్నన్నాళ్లూ అడిగి తెలుసుకోని వాడికి, పోయాక ఫ్లెక్సీలో చదివి వాడుకోవడానికి మొహం ఎట్లా చెల్లుతుంది? ఎక్కడ చెప్పాలో అక్కడ ఒక్కసారి చెప్పాను, అంతే. అక్క అని పిలిచేవాణ్ని, అక్క అనే అంటాను.

నేను ఉప్పల్‌లో ఒక షట్టరు గదిలో పిల్లలకు గిటారు నేర్పుతాను. పెళ్లిళ్లకు, బోనాలకు, గణేశ్ మండపాలకు ఒక ఆర్కెస్ట్రాతో వెళ్లి వాయిస్తాను. ఎనిమిదేళ్ల కిందట నా ఎలక్ట్రిక్ గిటారులో మెడ వైపు పికప్ మూగబోయింది. పికప్ అంటే తీగల కింద ఉండే చిన్న పెట్టె. అందులో ఆరు అయస్కాంతపు కడ్డీలు, వాటి చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రాగి తీగ కొన్ని వేల చుట్లు ఉంటాయి. పైన ఉక్కు తీగ ఊగితే కింద రాగి తీగలో చిటికెడు కరెంటు పుడుతుంది. ఆ చిటికెడే స్పీకర్లోకి వెళ్లి పాటవుతుంది. ఎక్కడ అడిగినా కొత్తది వేసుకోమన్నారే గాని బాగుచేస్తామని ఎవరూ అనలేదు. చివరికి మా డోలక్ వాయించే అన్న ఒక దారి చూపించాడు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో మోటార్లకు, ఫ్యాన్లకు వైండింగ్ చేసే దుకాణం ఒకటుందని, అక్కడ ఒకామె సన్న తీగ చుడుతుందని.

దుకాణం సేటు ఆమె టేబుల్ చూపించి తన పనిలో పడ్డాడు. దగ్గరికి వెళ్లి "అక్కా" అన్నాను. ఆమె తలెత్తలేదు. కుడి చేత్తో మిషను హ్యాండిల్ తిప్పుతోంది, ఎడమ చేత్తో పాత చీర గుడ్డ ముక్కలోంచి రాగి తీగను వదులుతోంది. ఆ ఎడమ చేతి చిటికెన వేలు మాత్రం పైకి లేచింది. ఆ వేలు దిగేదాకా ఆగాలని పక్కన పనిచేసే అతను సైగ చేశాడు. ఆగాను. తర్వాత తెలిసింది, ఆ వేలు ముందు సేటు కూడా ఆగేవాడని.

మిషనుకు చుట్లు లెక్కపెట్టే మీటరు ఉంది. అందులో ఒక అంకె ఇరుక్కుపోయి ఎప్పుడో పనిచెయ్యడం మానేసింది. అందుకని ఆమె పెదవులు కదలకుండా నూరు దాకా లెక్కపెట్టేది. నూరు కాగానే టిఫిన్ మూతలోంచి ఒక చింతగింజ తీసి పక్కన స్టీలు గిన్నెలో వేసేది. మూత ఖాళీ అయితే పని అయినట్టు. సన్న తీగ ముట్టే ముందు ప్రతిసారీ శనగపిండితో చేతులు కడుక్కునేది. చేతి జిడ్డు తీగకు అంటకూడదట. నేను వైండింగ్ గురించి తెలిసినట్టు ఏదో మాట్లాడబోతే ఒక్క మాటే చెప్పింది.

"తీగెను గుంజొద్దు తమ్మీ, రానియ్యాలె. గుంజితె సాగుతది, సాగితె సన్నగైతది, యాడనో ఒక్కకాడ పుటుక్కుమంటది."

ఆ మాట ఆమె నోట కనీసం ఇరవైసార్లు విన్నాను. మిగతా లోకంతో ఆమెకు ఇంకో పద్ధతి ఉండేది. ఎవరింటికి వెళ్లినా మనుషుల కన్నా ముందు ఫ్యాను వైపు చూసేది. "గిది మనదే" అనేది, లేదా మూతి ముడిచి "గిది ఎవడో గుంజి సుట్టిండు" అనేది. ఆ తర్వాతే కూర్చోవడం, మంచినీళ్లు తాగడం.

నేను పికప్‌తో పాటు జేబులో కొత్త అయస్కాంతాలు కూడా పట్టుకెళ్లాను. చిన్నవే గాని భలే గట్టివి. మా ఆర్కెస్ట్రాలో డ్రమ్ములకు బదులు కొట్టే ప్యాడ్లు, కీబోర్డు మోగుతుంటే నా గిటారు ఉందో లేదో మా ఇంటావిడకే తెలిసేది కాదు. ఎంత గట్టి అయస్కాంతమైతే అంత సౌండు అని నా లెక్క. ఇవి వేసి చుట్టమని అడిగాను. గిటారులో ఇది చేసే పనేమిటో ఆమె అడిగింది, చెప్పాను. మోటార్ల మధ్య బతికిన మనిషి కదా, సగంలోనే అర్థమైపోయింది. అయితే ఇరవై ఏళ్లు గిటారు వాయించిన నాకు ఎన్నడూ రాని అనుమానం ఆమెకు వచ్చింది.

"మాగ్నెట్ ఇనుమును గుంజుతది గద. పైన తీగె ఉక్కుది. అది ఊగితెనే గద నీ పాట? గింత గట్టిది కింద వెడితె అదెట్ల ఊగుతది తమ్మీ?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. గాజుకు తగిలించుకున్న పిన్నీసు ఒకటి తీసి, దారం కట్టి, టేబుల్ లైటుకు వేలాడదీసింది. దాని ముందు చింతగింజలు వరసగా పేర్చింది. నా కొత్త అయస్కాంతాన్ని ఒక్కో గింజ పక్క నుంచి ముందుకు జరిపింది. నాలుగు గింజల దూరంలో ఉండగానే పిన్నీసు ఎగిరి అతుక్కుంది. గిటారులో మొదటి నుంచి ఉన్న అయస్కాంతానికి రెండు గింజల దూరంలో కదిలింది. నా సంచిలో పడున్న ఒక చచ్చిపోయిన పాత పికప్ నుంచి ఇంకోటి ఊడదీసింది. అది వయసు మీద పడి మెత్తబడిన అయస్కాంతం. ఒక్క గింజ దూరానికి వచ్చాక కూడా పిన్నీసు కొద్దిగా తల వంచింది గాని దాని ఊగడం అది ఊగుతూనే ఉంది.

"గిది వెట్టుకో," అంది. "ఇది తీగె ఊగుతుంటె సూస్తది. నీ గట్టిది పట్టుకుంటది."

"మరి సౌండక్కా?"

"సౌండుకు సుట్లు జర ఎక్కువేస్త. గది నా పని. మాగ్నెట్‌తోని కొట్లాట వెట్టుకోకు."

ఆమె మాటను పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు ఇంకో రకంగా చెబుతారని తర్వాత తెలుసుకున్నాను. అయస్కాంతం గట్టిదైనా, మరీ దగ్గరగా ఉన్నా, తీగను తన వైపు లాగుతుంది. ముఖ్యంగా లావు తీగను, అందులోనూ మెడ వైపు, తీగ ఎక్కువగా ఊగే చోట. అప్పుడు ఒక్క స్వరం రెండుగా చీలి వణుకుతుంది, ఎంత శ్రుతి చేసినా కుదరదు, మోత తొందరగా చచ్చిపోతుంది. ఆమె పిన్నీసుతో చెప్పింది ఇదే.

పికప్ బిగించేటప్పుడు కూడా నన్ను ముట్టనివ్వలేదు. లావు తీగను గిటారు మెడ మీద ఆఖరి మెట్టు దగ్గర నొక్కిపట్టమని, తీగకు, పికప్‌కు మధ్య ఒక చింతగింజ మందం సందు ఉంచింది. సన్న తీగ వైపు అందులో సగం. తర్వాత కూతురి గోళ్ల రంగు సీసా తెచ్చి పికప్‌ను ఎత్తుదించే రెండు మరల మీద, మర నుంచి గిటారు పలక మీదికి సాగేట్టు, ఎర్రటి గీత గీసింది.

"గీ గీత కలిసున్నన్ని దినాలు నీ పికప్ నేను వెట్టిన కాడనే ఉన్నట్టు."

ఆ తర్వాత మూడు నెలలు నా గిటారు పలికినట్టు అంతకు ముందెన్నడూ పలకలేదు. మీటితే స్వరం చివరిదాకా నిలబడేది. అందరూ ఏం వేశావని అడిగేవారు. నేను నవ్వి ఊరుకునేవాణ్ని గాని ఆమె సంగతి ఒక్కరికీ చెప్పలేదు. ఆ పొగడ్తలో ఆమెకు వాటా ఇవ్వబుద్ధి కాలేదు, అంతకు మించి కారణం లేదు.

దసరాకు సేటు తన దుకాణం గల్లీలో షామియానా వేయించి, ఆయుధ పూజకు మా ఆర్కెస్ట్రానే పిలిచాడు. మోటార్లకు బొట్లు, మిషన్లకు బంతిపూల దండలు. ఆమె గింజల గిన్నెకు కూడా ఎవరో పసుపు రాశారు. పనివాళ్లంతా పెళ్లాం పిల్లలతో వచ్చారు. మధ్యాహ్నం మేం సౌండు సరిచూసుకుంటుంటే ఆ రోజు కొత్తగా తెచ్చిన ప్యాడ్ల ముందు నా గిటారు బొత్తిగా వినపడలేదు. నాకు చిర్రెత్తింది. స్క్రూడ్రైవర్ తీసుకుని పికప్‌ను పైకి లేపాను, తీగలకు తగిలీ తగలనట్టు. ఎర్ర రంగు పెళ్లలుగా రాలి నా ప్యాంటు మీద పడింది. చూశాను. దులుపుకున్నాను.

మూడో పాటలో నా వంతు వచ్చింది. లావు తీగ మీద, మెట్లన్నీ ఎక్కి, నిలబెట్టాల్సిన స్వరం. మీటగానే అది రెండుగా చీలింది. వావావా అని వణికింది. వేలు జరిపినా అంతే, తీగ సాగదీసినా అంతే. ముందు వరుసలో పిల్లలు నవ్వడం మొదలుపెట్టారు. మా ట్రూపు లీడరు సరదా మనిషి, మైకులో అన్నాడు, "ఏమైందన్నా, గిటారుకు జరమొచ్చిందా?"

అందరూ గొల్లున నవ్వారు. నాకు చెవులు కాలిపోయాయి. మైకు నా ముందు కూడా ఉంది.

"గిటారుకేం గాలేదన్నా," అన్నాను. "గీ పికప్ చింతగింజలు లెక్కవెట్టి సుట్టిన్రు. యాడ లెక్క తప్పిందో చింతగింజలక్కనడుగు."

మొదటి నవ్వుకు రెండింతల నవ్వు వచ్చింది. సేటు కూడా నవ్వాడు. ఆమె రెండో వరుసలో కూతురి పక్కన, చిలకపచ్చ చీరలో ఉంది. అందరూ తిరిగి తన వైపు చూస్తుంటే తను కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. చుట్లు ఎక్కువ తక్కువైతే మోత మారుతుంది గాని స్వరం చీలదు. ఆ మాట అంటున్నప్పుడే నాకు తెలుసు.

ప్రోగ్రాం అయ్యాక ఆమె పులిహోర ప్లేటు పట్టుకుని స్టేజీ దగ్గరికి వచ్చింది. ప్లేటు నా చేతికిచ్చి, కుర్చీకి ఆనించిన గిటారు మీదికి వంగింది. బొటనవేలితో ఒక మరను ఒకసారి తడిమింది. "తిను తమ్మీ, సల్లారుతది" అని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఉప్పల్‌లో గది తలుపు వేసుకుని పికప్‌ను కిందికి దించాను. చింతగింజ లేకపోతే ఇంట్లోంచి తెచ్చిన కందిపప్పు బద్దలు పేర్చి కొలుచుకున్నాను. మీటాను. స్వరం దీపంలా నిలబడింది. నాకు ఏడుపొచ్చింది, అయినా అది పశ్చాత్తాపం కాదు. నాలుగు మెట్లు దిగి బండి తీస్తే పావుగంటలో నాచారం. ఆ పావుగంట నేను వెళ్లలేదు.

వెళ్లేసరికి వారమైంది. ఆమె టేబుల్ దగ్గర ఎవరో కుర్రవాడు, మీటరున్న కొత్త మిషను. సేటు నన్ను చూసి, మెచ్చుకుంటాననుకున్నాడేమో, "స్టేజీ మీద గట్లన్నంక నా దుకాణం ఇజ్జత్ ఏంగావాలె? గింజలు గింజలని నేనే ఇన్ని దినాలు ఊకున్న" అన్నాడు. ఆమె వెనక పెరట్లో ఉంది. కాలిపోయిన మోటార్లలోంచి పాత కాయిల్ పీకే పని. ఒక కాలు మోటారుకు తన్నిపెట్టి, రెండు చేతులా పట్టకారుతో తీగల కట్టను గుంజుతోంది. చేతుల నిండా మసి. నన్ను చూసి ఆపింది.

"తమ్మీ, మంచిగ మోగుతున్నదా?"

"ఆ... సర్దుకుందక్కా."

ఆమె పట్టకారు కింద పెట్టి కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇంకేంది?" అంది.

"ఏం లేదక్కా" అన్నాను.

ఆమె మళ్లీ వంగి పట్టకారు తీసుకుంది.

తర్వాత ఎన్ని సాకులు చెప్పుకున్నానో లెక్కలేదు. సేటు మూడ్ బాగా లేదని, నలుగురూ ఉన్నారని, ఇప్పుడు చెబితే ఆమెకే చిన్నతనమని. రెండేళ్లు గడిచాక అందరూ మరిచిపోయి ఉంటారు, కెలకడం ఎందుకు అని కూడా అనుకున్నాను. ఎవరూ మరిచిపోలేదు. చింతగింజలక్క అన్న పేరు ఆ గల్లీ దాటింది, కిరాణా కొట్టుకు చేరింది, రేషన్ షాపు లైన్లో వినపడింది. ఆమె మళ్లీ సన్న తీగ ముట్టలేదు.

అయినా నాచారంలో మా ప్రోగ్రాం ఎక్కడ జరిగినా వచ్చేది. ముందు వరుసలో కూర్చునేది. నేను మైకు దగ్గరికి జరిగితే నడుం నిటారు చేసి కూర్చునేది. ఆమెకు మా పాటలంటే ఇష్టమని, నా మీద కోపం లేదని నేను నమ్మాను. నమ్మడం సుఖంగా ఉండింది. ఒక గణేశ్ మండపంలో ఉత్సాహం పట్టలేక మైకులో అన్నాను కూడా, "మా చింతగింజలక్క గూడ వచ్చింది, జర గట్టిగ చప్పట్లు కొట్టున్రి" అని. ఆమె సగం లేచి అందరికీ దండం పెట్టి కూర్చుంది. ఇది కూడా నేనే చేశాను.

ఫ్లెక్సీ చూసిన మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. రెండు గదుల ఇల్లు. ఫొటోకు దండ, ముందు దీపం. కూతురు ఇప్పుడు ఒక మెడికల్ షాపులో పనిచేస్తోంది. ఆమె తల్లి నన్ను తమ్మీ అనేది కాబట్టి ఈ పిల్ల మామా అంటుంది. కుర్చీ వేసింది. అనుకోకుండా నేను తలెత్తి ఫ్యాను వైపు చూశాను. చప్పుడు లేకుండా తిరుగుతోంది.

"అమ్మ సుట్టిందే," అంది.

ఇంక ఆగలేకపోయాను. ఆ దసరా రోజు లెక్క తప్పలేదని, నేనే మర తిప్పానని, తెలిసి కూడా నోరు మూసుకున్నానని చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఆ పిల్ల దీపంలో నూనె పోసి వచ్చి కూర్చుంది.

"ఎరికే మామా."

"ఎట్ల?"

"గా దినమే చెప్పింది. ఇంటికొచ్చి, గోళ్ల రంగు పలిగిందే, మర తిప్పిండు, అన్నది. సేటుకు చెప్పుదాం పా అంటె ఇనలే. పది మందిల ఆర్టిస్టు ఇజ్జత్ పోతది, తమ్మి మంచోడు, ఆయనే చెప్తడు అన్నది."

చేతికంటిన నూనె తుడుచుకుంటూ మళ్లీ తనే అంది.

"మీ ప్రోగ్రాములకు ఎందుకొస్తుండె అనుకున్నరు? ఆమెకు గా సౌండు పడది, ఇంటికొచ్చి తలకాయకు కొబ్బరినూనె రాయించుకునేది. మీరు మైకు పట్టుకున్నప్పుడల్లా, ఇయ్యాల చెప్తడేమో అని సూసేది. రాత్రి పండేటప్పుడు, మరిషిపొయ్యిండు లే, అనేది."

క్షమించమని అడిగాను. ఆ పిల్ల గొంతులో కోపం లేదు, అదే నాకు కష్టంగా ఉంది.

"నాకు చెప్తే ఏమొస్తది మామా? మీరు మైకుల అన్నరు గద."

మూడు వారాలకు ఆషాఢంలో బోనాలు. నాచారంలో వాళ్ల బస్తీలోనే, వాళ్ల గల్లీకి నాలుగిళ్ల అవతల మా ప్రోగ్రాం. మైల పట్టిన ఇల్లు కాబట్టి ఆ యేడు వాళ్లకు బోనం లేదు, కూతురు బయటికి రాదు. సౌండు అబ్బాయికి చెప్పి ఒక స్పీకరు బాక్సును ఆ గల్లీ వైపు తిప్పించాను. సాయంత్రం రెండో పాట అయ్యాక మైకు తీసుకున్నాను. ముందు వరుసలో సేటు, వెనక దుకాణం వాళ్లంతా ఉన్నారు.

"ఎనిమిదేండ్ల కింద గీ నాచారంలనే మైకుల నేనొక మాటన్న," అన్నాను. "మన చింతగింజలక్క..."

నవ్వారు. సేటు నవ్వాడు, ఆడవాళ్లు నవ్వారు, ఆమెను ఎన్నడూ చూడని పిల్లలు కూడా ఆ మాటకే నవ్వారు. ఎకసెక్కం కాదు, ఆప్యాయంగానే నవ్వారు. కానీ ఆ నవ్వు నాకు తెలుసు, నేను నేర్పిందే. అది ఆగేదాకా నిలబడ్డాను. తర్వాత ఫ్లెక్సీలో చదివిన పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా చెప్పాను. ఎవరా అన్నట్టు చాలామంది ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఆమె లెక్క తప్పలే. ఒక్క సుట్టు గూడ తప్పలే. మర నేనే తిప్పిన. నా సౌండు కోసం తిప్పి, ఆమె మీదికి నూకిన."

సేటు తల దించుకున్నాడు. వెనక నుంచి ఎవరో, వినపడలేదో, విసుగొచ్చిందో, "పాట వెట్టన్నా" అని అరిచారు. మా లీడరు మెల్లగా నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు. ప్యాడ్లు మొదలయ్యాయి. నా మాట ఆ గల్లీలోకి వెళ్లిందో, వెనకే వచ్చిన ఆ మోతే వెళ్లిందో కూతురిని ఇప్పటికీ అడగలేదు, అడగడానికి మొహం లేదు. అక్క ఎనిమిదేళ్లు ముందు వరుసలోనే కూర్చుంది. అప్పుడు ఏ బాక్సూ ఎటూ తిప్పాల్సిన పని లేదు.